మోటారు సైకిలును గృహస్థాశ్రమమును



తెలుగు పండితునకు మోటారు సైకిలుతో నేమి పని యని మీకు తోచవచ్చును. ఈ ప్రశ్నను నన్నడుగనివారు మా అనకాపల్లిలో నరుదు. ఛందస్సు చెప్పుకొనవలసినవాడు చైనుకు నూనె వేయుచు గూర్చుండుట మా గురువుగారికి నచ్చలేదు. మా యింటిలోను తొలుత నచ్చలేదు. అయినను 1984వ సంవత్సరము మొదలుకొని ఒకే బండిని విడువక యుంచుకొన్నవాడను. ఈ నలువదేండ్లలో నా సంసారమంతయు దానిమీదనే సాగినది. మా యమ్మాయి దానిమీదనే బడికి పోయినది. తరువాత సముద్రములు దాటి పోయినది. కావున నీ యంత్ర మెట్లు పనిచేయునో, ఎచ్చట బుట్టి మనకడకు వచ్చినదో, గృహస్థు దానిని ఏ తీరున నుంచుకొనవలెనో, నాకు దెలిసినంతవఱకు మనవి చేసెదను.

నా బండి 1976లో మద్రాసున తయారయిన 350 బుల్లెట్టు. చోడవరము తాలూకాలో నొక ఉన్నత పాఠశాలలో పనిచేయుచుండగా, భవిష్యనిధి నుండి అప్పు దీసి, ఒకరు వాడి విడిచినదానిని కొంటిని.

ముందుగా యంత్రము సంగతి. ఒక ఇనుప గొట్టము. అందులో పైకిని క్రిందికిని ఆడుచుండునది పిస్టను. గొట్టపు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. అది త్రోవ నడచు చోటు 346 ఘన సెంటీమీటర్లు. దీనినే లోకులు 350 అందురు. పిస్టను నాలుగు మారులు నడచినచో నొక యావృత్తి ముగియును. ప్రాణాయామము తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. మొదటి నడకలో పిస్టను దిగుచు, గాలితో గలిసిన పెట్రోలు ఆవిరిని లోనికి బీల్చును, ఇది పూరకము. రెండవ నడకలో ద్వారములు మూసికొని, పైకి బోవుచు దానిని బిగించును, ఇది కుంభకము. అప్పుడు ప్లగ్గు కొనయందు నిప్పురవ్వ పుట్టి ఆవిరి మండి, పిస్టనును క్రిందికి ద్రోయును. చక్రమును త్రిప్పు బలమంతయు ఈ మూడవ నడకలోనిదే. నాలుగవ నడకలో కాలిన వాయువు వెలికి బోవును, ఇది రేచకము.

ఇందులో గమనింపదగిన విషయ మొకటి కలదు. నాలుగు నడకలలో పనిచేయునది యొక్కటే. తక్కిన మూడును దానికై సిద్ధపడుటయో, దాని తరువాత శుభ్రపఱచుటయో. ఆ మూడింటిని సాగించుటకు వలయు బలమును లోపల నుండు బరువైన చక్రము దాచియుంచి, వలసినప్పుడు తిరిగి యిచ్చును. ఆ చక్రము బరువగుట చేతను, పిస్టను నడక పొడవగుట చేతను, ఈ బండి తొందరపడక, గుండె కొట్టుకొన్నట్లు నిదానముగా మ్రోగును. చెవియొగ్గినచో దెబ్బ దెబ్బకును నడుమ నెడము వినవచ్చును.

ఇక దానిని మేలుకొలుపు తీరు. బుల్లెట్టు కిక్కు కొట్టుట బలముగలవాని పని యని చాలమంది తలంతురు. అది పొరపాటు. వర్ణోచ్చారణకు స్థానమనియు ప్రయత్నమనియు రెండు చెప్పుదుము గదా, ఇచ్చటను అంతే. స్థాన మెఱుగక తన్నినచో యంత్రము తిరిగి మన కాలినే తన్నును. మడమ బెణికినవారిని, మోకాలు వాచినవారిని నేనెఱుగుదును. అందుచేత బండిని చేసినవారు రెండు సాధనముల నిచ్చిరి. ఎడమ పిడి కడ డీకంప్రెసరను చిన్న మీట యొకటి. దానిని నొక్కినచో గొట్టములో బిగిసిన గాలి వెలికి బోవును. దీపము పైభాగమున ఆమ్‌మీటరను చిన్న పళ్లెము రెండవది. తాళము త్రిప్పినపుడు, పాయింట్లు కలిసియున్నచో విద్యుత్తు తీగచుట్టలోనికి బాఱును గనుక, దాని సూది యొక ప్రక్కకు వ్రాలును. పాయింట్లు విడిపోవగానే ప్రవాహ మాగి సూది నడుమకు వచ్చును. మీట నొక్కి, కిక్కును కాలితో మెల్లమెల్లగా దింపుచు సూదిని జూచుచుండవలెను. అది నడుమకు వచ్చినచో పిస్టను శిఖరము చేరినదని గుఱుతు. మఱి రవ్వంత దింపి, మీట విడిచి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు తడబడక అడుగుదాక ఒక్కసారి త్రొక్కవలెను. బక్కపలుచని మనిషికైనను బండి పలుకును.

ఇంత తెలిసియు నేను మోసపోయిన రాత్రి యొకటి కలదు. 1987 కార్తికమాసము, వాన పడుచుండెను. నడిజామున నా భార్యకు నొప్పులు మొదలయ్యెను. ఆసుపత్రి చోడవరములో నున్నది. మేమున్న పల్లెకు బస్సు తెల్లవాఱిన గాని రాదు. నాకేమి భయము, వాకిట బుల్లెట్టున్నది గదా యనుకొంటిని. కాని యది పలుకలేదు. ఇరువదిమారులు త్రొక్కితిని, చెమటయు వానయు నేకమయ్యెను, అది మూగబోయి నిలిచినది. పొరుగు రైతొకరు మఱునాటి యంగడికి బండినిండ బెల్లపు దిమ్మలు ఎత్తియుంచిరి. ఆయన నా పాట్లు చూచి, మాటాడక, దిమ్మలన్నియు మా అరుగు మీదికి దింపి, గడ్డి పఱచి, ఎడ్లను గట్టెను. ఆ బండిలో మేము ఆసుపత్రి చేరిన అరగంటకు మా యమ్మాయి పుట్టినది.

మఱునాడు బండి విప్పి చూచితిని. పాయింట్లు నల్లబడి మసి పట్టియుండెను. వాని నడుమ ఇంచుమించు 0.4 మిల్లీమీటరు ఎడముండవలసి యుండగా, అది మూసికొనిపోయినది. నెలకొకమారు చిన్న ఆకురాతితో రుద్ది సరిచేసియున్నచో ఆ రాత్రి నాకా యవమానము దప్పియుండెడిది. ప్రతి యాదివారమును నేను టాంకును కొబ్బరినూనె గుడ్డతో అద్దమువలె తుడిచెడివాడను. లోపలి సంగతి చూడలేదు. పురిటి మంచము మీదనుండి నా భార్య యొక్క మాట యనెను: “ఏమండీ, మీ గుఱ్ఱానికి నగలు పెట్టినారు గాని, గడ్డి వేయలేదు.” ఆ మాట యిప్పటికిని నా చెవిలో నున్నది. మోటారు సైకిలు మీది ప్రేమ యనగా నేమో నే నానాడు నేర్చితిని. అక్కఱకు లేనప్పుడు చేయు మూడు పనులే అక్కఱకు వచ్చు నాలుగవ పనిని నిలుపును.

అది మొదలు మా యింట ఆదివారపు విధి యేర్పడినది. చైను నడుమ వ్రేలితో నెత్తి, అది అంగుళమునకు మించి యాడకుండ జూచుట. ఇంజనులో నూనె మట్టమును, బ్యాటరీలో నీటి మట్టమును చూచుట. పాయింట్లు, ప్లగ్గు తుడుచుట. బ్రేకు తీగలు తెగబాఱినవేమో పరీక్షించుట. గంటసేపటి పని. పనిముట్లు అందిచ్చుట మా యమ్మాయి వంతు.

గృహస్థులకు మఱి రెండు హెచ్చరికలు. పంచె కట్టుకొని బుల్లెట్టు నడపు పండితుని జూచుటకు పిల్లలు పరుగెత్తి వచ్చెడివారు. నేనును కొంత గర్వించెడివాడను. ఒకనాడు నా యుత్తరీయపు కొంగు వెనుక చక్రమున జిక్కి నన్ను నడిబాటలో బడవైచినది. మోచేతి మీది మచ్చ దాని గుఱుతు. స్త్రీలు ఒకప్రక్కకు దిరిగి కూర్చుందురు గనుక, చీర చెంగు చక్రమున బడకుండ మన దేశపు బండ్లకు ఎడమప్రక్క అడ్డుకమ్ములు బిగింతురు. అందము చెడునని వానిని దీసివేయించువారు ఈ మాట తలంపవలెను. రెండవది: టాంకు మీద బిడ్డను, వెనుక ఇల్లాలిని, ఆమె యొడిలో మఱొక బిడ్డను గూర్చుండబెట్టుకొని నేను నూకాలమ్మ జాతరకు పోయినమాట నిజము. అది తప్పు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము నడపువాని వెనుక నొక్కనికే యనుమతి నిచ్చుచున్నది, శిరస్త్రాణమును విధించుచున్నది. నాలుగేండ్ల లోపు పసివారిని ఎక్కించుకొన్నచో, వారిని నడపువానికి పట్టెలతో గట్టవలెననియు, గంటకు 40 కిలోమీటర్లకు మించరాదనియు 2023 నుండి నియమము కలదు. మా బిడ్డలు క్షేమముగా బెరిగినది మా యదృష్టమే గాని, నా తెలివి కాదు.

మా యమ్మాయికి పదునెనిమిది నిండిన యేడు, 2005లో, తానును నేర్చెదననెను. అది సుమారు 160 కిలోల బండి, నేను సంశయించితిని. ఆమె ఆమ్‌మీటరు వైపు చూపి, “స్థానం తెలిస్తే చాలునని మీరే చెప్పినారు గదా నాన్నగారూ” యనెను. నా పాఠము నాకే యొప్పజెప్పిన పిల్లకు కాదనుటెట్లు? మాడుగుల దాటి పాడేరు ఘాటు దిగునపుడు ఆమెకు మఱొక పాఠము చెప్పితిని. పల్లమున బ్రేకునే నమ్మరాదు. ఎడతెగక త్రొక్కినచో అది వేడెక్కి పట్టు విడుచును. చిన్న గేరులో నుంచి పిడి విడిచినచో, ముందుకు లాగవలసిన యంత్రమే బండిని వెనుకకు బట్టి నిలుపును. ఆమె నన్ను వెనుక గూర్చుండబెట్టుకొని ఘాటంతయు దింపినది. ఏడేండ్లకు, 2012లో, బర్మింగ్‌హాము నగరమున నొక వైద్యశాలలో నుద్యోగము వచ్చి, మమ్మును బండిని విడిచి పోయినది.

మా ప్రాంతమున దేశాంతరము పోవుట క్రొత్త కాదు. మా పెద్దల కాలమున విశాఖపట్టణపు జిల్లావారు పొట్టకూటికై రంగమునకు, అనగా రంగూనుకు, ఓడలలో బోయెడివారు. మా తాతగారి తమ్ముడు అట్లే పోయి, అచ్చటినుండి టేకు పెట్టె నొకదానిని తెలిసినవారిచేత బంపెను. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వైచిరి. 1942 మార్చిలో నగరము వారి వశమైనది. వేలకొలది మనవారు అడవుల వెంట కాలినడకను తిరిగివచ్చిరి. అనేకులు త్రోవలోనే రాలిపోయిరి. ఆయన రాలేదు, జాబును రాలేదు. మా తాతగారు బ్రతికినన్నాళ్లు తపాలావాడు వచ్చు వేళకు అరుగు మీద గూర్చుండెడివారట. ఆ రంగం పెట్టెలోనే నేను బుల్లెట్టు పనిముట్లు దాచుకొందును. మా యమ్మాయి విమానమెక్కిన రాత్రి ఆ పెట్టె మూత తెఱచి చాలసేపు ఊరక కూర్చుంటిని.

ఇట్లుండగా, నేనింతకాలము నడపిన బండియు దేశాంతరము వచ్చినదే యని నాకు జ్ఞప్తికి వచ్చెను. దాని పుట్టినిల్లు ఇంగ్లండులోని రెడిచ్ అను పట్టణము. సూదులు చేయుటకు ఆ యూరు ప్రసిద్ధి. సూదులు చేసిన చేతులే సైకిళ్లు చేసినవి. రాయల్ ఎన్ఫీల్డు వారు 1901లో మోటారు సైకిలు చేసిరి. 1932లో బుల్లెట్టను పేరు పెట్టిరి. మన సైన్యమునకు సరిహద్దుల కావలికి గట్టి బండ్లు కావలసియుండుటచే, 1955లో మద్రాసు మోటార్సు వారితో గలిసి ఎన్ఫీల్డ్ ఇండియా యేర్పడినది. మొదట విడిభాగములు ఓడలో వచ్చెడివి; తిరువొత్తియూరులో వానిని గూర్చెడివారు. 1957లో ఆ భాగములు చేయు పనిముట్లనే కొనితెచ్చిరి. 1962 నాటికి బండి సర్వమును ఇచ్చటనే తయారగుచుండెను. అంతలో పుట్టినింట చేటు వచ్చినది. 1967లో రెడిచ్ కర్మాగారము మూతపడినది. 1970లో ఇంగ్లండున ఆ బండ్ల తయారీయే ముగిసినది. మద్రాసులో మాత్రము ఆగలేదు. 1977లో మనవారు బుల్లెట్లను ఇంగ్లండునకే ఎగుమతి చేయ మొదలిడిరి. అల్లుడై పోయినవాడు దిక్కులేని పుట్టినింటికి దీపము పెట్టినట్లయినది.

2018లో నేనుద్యోగము విరమించితిని. మఱుసటి యేడు వేసవిలో దంపతుల మిద్దఱము బర్మింగ్‌హాము పోయితిమి. పోవుటకు ముందు బండిని నిదురబుచ్చిన విధము చెప్పుదును. ఊరు విడుచువారికి పనికివచ్చును. టాంకును నిండుగా నింపవలెను. సగముంచినచో గాలి తేమకు లోపల త్రుప్పు పట్టును. కార్బురేటరులోని పెట్రోలును మాత్రము విడిచివేయవలెను. లేకున్న అది జిగురై సన్నని రంధ్రములను బూడ్చును. బ్యాటరీని విప్పి వేఱుగ నుంచవలెను. ప్లగ్గు తీసి గొట్టములో నాలుగు చుక్కల నూనె వేసి కిక్కును రెండుమార్లు మెల్లగా త్రిప్పవలెను. సైలెన్సరు నోట గుడ్డ కుక్కవలెను. ఎలుకలకు అది మంచి యిల్లు. పైన నూలుదుప్పటియే కప్పవలెను. ప్లాస్టికు కప్పినచో చెమ్మ లోపలనే నిలుచును.

అచ్చట మా యమ్మాయి తన సంగతి చెప్పినది. ఆ దేశమున నివాస మేర్పఱచుకొన్న మనవారి లైసెన్సు పండ్రెండు నెలలే చెల్లును. ఆపై పరీక్షలన్నియు మొదటినుండి యియ్యవలెను. పాడేరు ఘాటు దింపిన పిల్ల, చిన్న మైదానములో రంగు బుడిపెల నడుమ బండి త్రిప్పుచు ఓనమాలు దిద్దవలసివచ్చెను. “కోపం రాలేదా?” యని యడిగితిని. “మొదట వచ్చింది నాన్నగారూ. తరువాత మీరు చెప్పనివి కూడా నేర్చుకొన్నాను” అనెను. దేశము మాఱినవారందఱు ఏదో యొకనాడు మరల పలక పట్టవలసినదే.

ఆమె మమ్ము రెడిచ్ తీసికొనిపోయినది. నా బండి పుట్టినిల్లు చూడవలెనని నేను పిల్లవానివలె తొందరపడితిని. అచ్చట ఎన్ఫీల్డు పేరు మిగిలినది గాని, బండ్లు లేవు. వేఱువేఱు వ్యాపారముల కొట్లున్నవి. సూదుల ప్రదర్శనశాల యొకటి చూచితిమి. నా మనస్సు చిన్నబోయెను. తిరుగుత్రోవలో నొక టీ యంగడి కడ తెల్లజుట్టు పెద్దమనిషి పాత బుల్లెట్టు నాపి నిలిచియుండెను. అది రెడిచ్‌లో చేసినదట. నేనును దానివాడనే యని మా యమ్మాయి చెప్పగా, ఆయన నా చేయి పట్టుకొని యొక్కొక్క భాగమును చూపెను. పిస్టను, క్లచ్చి పలకలు, తీగలు, అన్నియు ఇప్పుడు భారతదేశమునుండియే తెప్పించుకొనుచున్నాడట. “మీవాళ్లు చేయకపోతే ఇది ఎప్పుడో ఇనుపకొట్టుకు పోయేది” అని యాయన మాటను మా యమ్మాయి తెలుగున జెప్పినది. మద్రాసు సంస్థవారు 2017లో ఇంగ్లండుననే బ్రంటింగ్‌థోర్పు అను చోట రూపకల్పనాలయమును స్థాపించిరనియు అప్పుడే తెలిసినది.

ఆ రాత్రి నాకు దోచిన దిది. పుట్టిన చోటు బండిని గాపాడలేదు. దూరము పోవుట దానిని జెఱుపలేదు. పోయిన చోట దానిని కొనుటతో నాగక, భాగము భాగముగా చేయ నేర్చినవారుండిరి. కనుక అది బ్రతికెను. మా చినతాతగారి జాబు తెగినది యుద్ధము వలన. అది మన చేతిలో లేదు. కాని యుద్ధము లేకయే తెగిపోవు కుటుంబములు నేడెన్నియో కలవు. అవి పాయింట్లకు మసి పట్టిన బండివంటివి. టాంకు మెఱయుచునే యుండును. అక్కఱ రాత్రి పలుకదు.

ఇప్పుడు నా మోకాళ్లు చెడినవి. కిక్కు త్రొక్కవద్దని వైద్యులు 2023లో చెప్పిరి. బండి నమ్మివేయుడని బంధువులందురు. మాకు ఇంగ్లండున స్థిరవాసము దొరకుట దుర్లభము. 2012 నుండి వృద్ధులైన తలిదండ్రుల విషయమున ఆ దేశపు నియమములు మిక్కిలి కఠినములు. చూడబోయినచో ఆఱునెలలే. మా యమ్మాయి తిరిగివచ్చుననియు చెప్పలేను. తేలని సంగతిని తేలినట్లు పలుకుట పెద్దఱికము కాదు.

బండి నమ్మలేదు. మా వీథి మెకానిక్కు కడ పని నేర్చు కుఱ్ఱవాడొకడు ఆదివారము రెండు గంటలకు వచ్చును. అప్పటికి బర్మింగ్‌హామున ఉదయము. రంగం పెట్టె మీద ఫోను నిలువబెట్టుదుము. మీట నేను నొక్కుదును. కిక్కు వాడు త్రొక్కును. ఆ కొసనుండి తొమ్మిదేండ్ల మనుమరాలు ఆతురతతో నడుగును: “తాతగారూ, సూది మధ్యకు వచ్చిందా?” వచ్చినదని నేను చెప్పిన పిదప గాని ఆ కుఱ్ఱవాడు కాలు కదల్పడు; అది ఆమె యాజ్ఞ. బండి పలికిన తరువాత మఱి యరగంట మాటలు సాగును. వెనుకనుండి నా భార్య, “గడ్డి వేసినారా?” యని యడుగుచునే యుండును.

శ్రోతలారా, మీ యింట నేబండి యున్నను, మీవారే దేశమున నున్నను, ఆదివారపు గంటను మాత్రము మానకుడు.